పడవ ముక్కున కొత్త కుట్లు

1969 ఫిబ్రవరి 2, ఆదివారం

ఎనిమిదేళ్ల కిందట నా తెరచాప తాడు తెగలేదు. కోశారు. కళింగపట్నంలో ఈ మాట నాకు తప్ప ఎవరికీ నమ్మకం లేదు. ఆనాటి పడవల రేస్‌లో నేనే ముందున్నాను. లైట్‌హౌసు దగ్గర బయలుదేరి వంశధార సముద్రంలో కలిసే మొగదాకా పోయి, ఇసుక దిబ్బ చుట్టి రావాలి. దిబ్బ చుట్టేశాను. అప్పుడు తాడు పోయి తెరచాప నా నెత్తిన పడింది. దాని కిందనుంచి నేను బయటపడేసరికి సత్యానందం ఒడ్డుకి చేరిపోయాడు. గెలిచినవాడు ఏడాదిపాటు తన తెరచాప కొయ్య చివర ఎర్రగుడ్డ కట్టుకుంటాడు. ఆ గుడ్డ మళ్లీ నా కొయ్య ఎక్కలేదు. ఆ రోజు వాడు నా దగ్గరకొచ్చి, తాడు పాతదైపోనాది బావా, మార్సుకో, అన్నాడు. కోసినవాడే అలాంటి మాట అంటాడు.

సత్యానందం మిషన్ ఆస్పత్రిలో కంపౌండరు చేసి రిటైరయ్యాడు. పడవ ఎక్కినా తెల్ల పంట్లామే. నరసింగరావుది ఆమదాలవలసలో రైసు మిల్లు. ఆదివారం ఆదివారం వస్తాడు. నేను పోర్టు ఉన్న రోజుల్లో ఓడల సరుకు దింపినవాణ్ణి. మా ముగ్గురివీ వేట పడవలు కావు. గాలికి తిరగడానికి పెట్టుకున్నవి. వాళ్లవి మేకులు కొట్టిన పడవలు. నాది కుట్టుపడవ. పలకా పలకా కొబ్బరితాడుతో కలిపి కుట్టింది. ఒక్క మేకు లేదు. నా చేత్తో కుట్టాను. కుట్టుపడవకి తెరచాప ఏటని ఊరంతా నవ్వింది. తర్వాత మానుకుంది.

ఇవాళ సత్యానందం చర్చినుంచి నేరుగా వచ్చి నా పడవ ముక్కు తడిమాడు. చాలాసేపు తడిమాడు. నీరొస్తందా బావా, అని అడిగాడు. నీ పడవ సంగతి నువ్వు చూసుకోమన్నాను. రేస్ మార్చి రెండున. ఇప్పటినుంచే మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి 5

తాయారు దీపం చిమ్నీ తుడవడం మానేసింది. అడిగితే పొద్దుటే ముగ్గుపిండితో తోమానంటుంది. ఈ వయసులో నా భార్య అబద్ధాలు నేర్చింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

వలలు కట్టే గుంజని ఎవరో ఏటి దారిలోకి జరిపి పాతారు. నా పడవ ముక్కు దాన్ని గుద్దింది. కళ్లు మూసుకుని పోగలను ఆ దారిన. అక్కడ గుంజ ఎప్పుడూ లేదు. నరసింగరావు మాత్రం, అదెప్పుడూ అక్కడే ఉన్నాది మావా, అన్నాడు.

సత్యానందం, నరసింగరావూ ఒడ్డునుంచి అంతా చూశారు. నవ్వితే బాగుండేది. ఇద్దరూ నవ్వలేదు.

తర్వాత నరసింగరావు పక్కన కూర్చుని, ఈ పడవ నాకిచ్చీ మావా, మా సెడ్డులో దాసుకుంతాను, అన్నాడు. అదీ సంగతి. గుంజ ఎందుకు జరిగిందో తెలిసింది.

ఫిబ్రవరి 10

ముక్కు దగ్గర కుట్టు వదులైంది. నీరు వస్తోంది. గడ్డి కూరాను. ఆగుతుంది.

ఫిబ్రవరి 11

ఆగలేదు. పొద్దంతా డబ్బాతో తోడాను. నేను కూరిన గడ్డి ఎవరో లాగేశారు.

ఫిబ్రవరి 13, గురువారం

తాయారు తన తమ్ముడు సోములుకి ఒంట్లో బాగాలేదంటోంది. ఎండుచేపలు పట్టుకుని రేపు ఆమదాలవలస వెళ్లి చూసి రమ్మంటోంది. వాడింటి పెళ్లిలో తనకి పీట వేయలేదని పదేళ్లుగా ఆ తమ్ముణ్ణి తిట్టని పూట లేదు. ఇవాళ కళ్లు తుడుచుకుంది. కన్నీళ్లు నాకు కనబడలేదు.

ఫిబ్రవరి 14, సాయంత్రం

వెళ్లాను. దారిలో పోలీసులు బస్సు ఆపి అందరి సంచులూ చెక్ చేశారు. కొండల్లో నక్సలైట్ల గొడవలని ఈ మధ్య రోజూ అంతేనట. నా ఎండుచేపల మూట విప్పి ముక్కు మూసుకున్నారు.

సోములు కొట్లో నిలబడి బియ్యం బస్తా భుజానికెత్తుకుంటున్నాడు. నన్ను చూసి, ఏటి బావా, దారి తప్పినావా, అన్నాడు. నీకు జబ్బట కదా అన్నాను. నాకా, మా అప్ప సెప్పిందా, అని నవ్వు ఆపుకోలేకపోయాడు. చేపలు మాత్రం తీసుకున్నాడు.

ఇంటికొస్తే అరుగు మీద నాలుగు టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. మా ఇంట్లో మనుషులం ఇద్దరం. అందులో ఒకణ్ణి ఆమదాలవలసలో ఉన్నాను.

ఫిబ్రవరి 15

నిన్నటిదాకా నీరు తాగిన పడవ ఇవాళ చుక్క తాగలేదు. ఎవరో చెయ్యి పెట్టారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

టీ కొట్టు దగ్గర అందరి ముందూ అడిగాను. నా పడవని ముట్టుకున్నది ఎవరని. నరసింగరావు, నాకు సూది పట్టడం వస్తే సొక్కా గుండీకి మా ఆవిడ సేత తిట్లు తింతానా మావా, అన్నాడు. సూది మాట నేను ఎత్తలేదు. వాడే ఎత్తాడు.

సత్యానందం గ్లాసులోకే చూస్తూ, నానితే తాడు బిగుసుకుంతాది బావా, అన్నాడు. నా పడవకి నానడం కొత్తా? వీళ్లు ఏదో పెట్టారు. రేస్ మధ్యలో ఊడిపోయేలా పెట్టి ఉంటారు. మొదటిసారి తాడు. ఈసారి పడవే.

ఫిబ్రవరి 19

దొరికాడు.

ఇవాళ పడవని ఇసుకలోకి లాగి ముక్కునుంచి చివరిదాకా కుట్టు వెంట వేళ్లు పోనిచ్చాను. నా కుట్టు ఒకే తాడు. మా అయ్య కుట్టినట్టు, ముడి లేకుండా పోతుంది. ముక్కు దగ్గర మూరెడు మేర అలా లేదు. కుట్టు కుట్టుకీ ముడి. ముడి వేసి తుంచి, పక్కన మళ్లీ కొత్త కుట్టు. పడవ కుట్టేవాడెవడూ అలా కుట్టడు. కానీ ఆ వరస నా వేళ్లకి తెలుసు. ఎక్కడ తెలిసిందా అని కూర్చుని ఆలోచించాను. తర్వాత పంచె పైకి లాగి నా పిక్క తడిమాను.

అప్పుడెప్పుడో ఆల్చిప్ప కోసుకుని పిక్క తెరుచుకుంటే సత్యానందమే ఆస్పత్రిలో కుట్టాడు. ఇప్పటికీ ఆ గీతలు విడివిడిగా ఉన్నాయి. ఒక చెయ్యి పిక్క మీద, ఒక చెయ్యి పడవ మీద పెట్టి చూశాను. వాడే.

ఫిబ్రవరి 20

తాయారుని అడిగాను. చీపురు కింద పడేసి అంతా కక్కేసింది.

నా కళ్లకి పొరలు వచ్చాయట. సత్యానందం మూడేళ్లనాడే దానితో చెప్పాడట. నేను గడ్డి కూరింది సందులో కాదట, పక్కన ఉన్న మంచి పలక మీదట. ఈసారి మొగ దాటితే మునిగిపోతానని అందరికీ భయం పట్టుకుందట. అందుకే నన్ను బస్సెక్కించారు. నేను ఆమదాలవలస పోయే బస్సులో ఉంటే నరసింగరావు అక్కణ్ణుంచి వచ్చే బస్సులో ఉన్నాడు. వాడు పలక పట్టుకున్నాడు. సత్యానందం కుట్టాడు. వాడి భార్య ఎలీసమ్మ తాడు నూనెలో తడిపి ఇచ్చింది. నా భార్య టీ పెట్టింది.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. సెప్తే ఇనే మనిషివేటి నువ్వు, అంది. చిమ్నీ తెచ్చి నా చేతిలో పెట్టి, తుడుసుకో, నీకు నచ్చినట్టు తుడుసుకో, అంది.

దొంగలైతే తన్నేవాణ్ణి. వీళ్లనేం చేయాలి?

ఫిబ్రవరి 22

కత్తి పట్టుకుని పడవ దగ్గరకి వెళ్లాను. ఆ కుట్లు కోసేసి నావి వేసుకుందామని. సూదిలో తాడు ఎక్కలేదు. పొద్దున్న మొదలుపెడితే ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఎక్కలేదు.

ఇంటికొచ్చి ఆనాటి తెరచాప తాడు ముక్క పెట్టెలోంచి తీశాను. ఎనిమిదేళ్లుగా సాక్ష్యంగా దాచింది. వేళ్లతో కొన పట్టుకుంటే పీచు పీచుగా తగిలింది. కోసిందో అరిగిందో తాయారుని చూసి చెప్పమందామనుకున్నాను. చెబుతుంది. అందుకే అడగలేదు. మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

ఫిబ్రవరి 26, బుధవారం

సత్యానందం, ఈ కాగితం చింపి తాయారుతో పంపుతున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని ఎలీసమ్మ నవ్వకూడదు. రాత్రిబడిలో ఆమె నేర్పినవే.

నా తాడు కోశావా లేదా. ఎనిమిదేళ్లయింది, నీ నోటితో ఒక్కసారి చెప్పు. నన్ను అడగకుండా నా పడవ ఎందుకు కుట్టావో కూడా చెప్పు. ఆదివారం రేస్‌లో, పోటు తిరిగేలోగా జవాబు కావాలి. ఒడ్డున చెబితే వినను. నా పడవలో చెప్పాలి. నీ పడవ ఆ రోజుకి ఇసుకలో ఉంటుంది, ఎర్రగుడ్డ పోతే పోతుంది. గుంజలు ఎడమనున్నాయో కుడినున్నాయో చెబుతూ నువ్వు ముందు కూర్చోవాలి. నువ్వు కుట్టిన చోటనే కూర్చోవాలి. నీరొస్తే ముందు నీ తెల్ల పంట్లాం తడవాలి.