అర్జీ పట్టుకొని ఇంటికే వచ్చిండ్రు

తమ్మీ శివరాజూ, గిన్నెల అన్నమున్నది, తిను. పాల మీద మూత పెట్టు.

మన ముంగిసను ఫారెస్టోళ్లు పట్టుకపోతున్నరు. ముంగిసలను ఇండ్లల్ల సాదుకోనియ్యాలని నువ్వు ఊరంత తిరిగి దస్కతులు పెట్టించినవు గదా, ఆ అర్జీల మన ఇంటి నంబరు సూసి వచ్చిండ్రట! నాకింకా నమ్మబుద్ధయితలేదు.

"అర్జీ పెట్టినోని ఇంటికే వస్తరా సారూ?" అనడిగిన.

"అర్జీ పెట్టినోని ఇంట్లనే ఉంటది గదమ్మా" అని నవ్విండు.

సాదింది నేనేనని చెప్పిన. నన్ను గుడ జీపెక్కమన్నరు. బొల్లారం నుంచి డ్యూటీ దిగంగనే సంగారెడ్డి ఆఫీసుకు ఉరికిరాకు, కేసయితే నీ నౌకరి పోతది. జెర నా మాటిను.

మీ అక్క మొగులమ్మ

ఎన్నడు నా దగ్గరికి రాని నీ ముంగిస, ఇప్పుడు నా కొంగుల దూరి వణుకుతున్నది తమ్మీ.