మాస్టారి దగ్గర ఎవరున్నారు?

మస్కట్

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు సువార్త వందనాలు. దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన, పిల్లలు కులాసానా? ఫోన్లో మాట్లాడబోతే ఏడుపొస్తోంది, అందుకే రాస్తున్నాను. కంగారుపడకండి, బాగానే ఉన్నాను.

ఇక్కడి ఎండలు మన కోడూరు రొయ్యల చెరువు గట్టు మీద కంటే ఘోరం. అన్నం దొరుకుతుంది గానీ నోటికి రుచి తగలదు. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కాస్త గోంగూర పచ్చడి పంపించు. లేకపోతే పర్లేదు.

మా వార్డు సంగతి తెలుసుగా. ఇక మందులు పనిచెయ్యవని డాక్టర్లు చెప్పేసినవాళ్ళే ఉంటారు. ఈ పనిలోకి ఎందుకొచ్చావని అందరూ అడుగుతారు. మన అవనిగడ్డ వాలీబాల్ మాస్టారి వల్ల అంటాను. నవ్వుతారు. బంతి ముట్టనిదానికి కోచ్ ఏంటని!

గుడివాడలో మీరు ఫైనల్ ఓడిపోయిన రోజు గుర్తుందా? నాన్నతో నేనూ వచ్చాను. ఆఖరి సర్వీసు నెట్‌కి కొట్టిన శీనుని బస్సులో మీరంతా దుమ్మెత్తిపోస్తుంటే, మాస్టారు ముందు సీటు వదిలి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నారు. అవనిగడ్డ దాకా లేవలేదు. "గెలిచినోడి పక్కన ఊరంతా కూర్చుంటుందిరా. ఓడినోడి పక్కన మనం కూర్చోవాలి" అన్నారు. నేను నర్సునయ్యింది ఆ మాటకే. ఆయనకి నా పేరు కూడా తెలియదు.

ఆయన్ని బందరులో ఆసుపత్రిలో చేర్చారని తెలిసి నిన్ను వెళ్ళమన్నాను. వెళ్ళావు, కొబ్బరిబోండాలు ఇచ్చావు, ఫోటో పంపావు. "మాస్టారికేంటే, దివిసీమంతా శిష్యులే. ఎవరో ఒకరు ఉంటార్లే" అని వచ్చేశావు. శీనూ అలాగే అనుకున్నాడట. అందరూ అలాగే అనుకున్నారు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి అన్నయ్యా! ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా మంచం దగ్గర తోడుండే మనం, ఆయన్ని ఒంటరిగా పంపించాం. రాత్రెప్పుడో ప్రాణం పోతే, పొద్దున ఆయా వచ్చేదాకా ఎవరికీ తెలియలేదట.

అంత్యక్రియలకి రోడ్డు పట్టనంత జనం వచ్చారని గొప్పగా చెప్పావు. నాకు ఒళ్ళు మండింది.

నిన్ను తిట్టాలని కాదు. సెలవు దొరక్క నేను మాత్రం ఏం చేశాను? ముక్కూమొహం తెలియనివాళ్ళ చెయ్యి పట్టుకుని ఇక్కడ కూర్చుంటున్నాను. గుండె పగిలిపోతోంది అన్నయ్యా.

అమ్మకి, మావయ్యకి, పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. నాకోసం ప్రార్థన చెయ్యండి. మాస్టారు చివర్లో బాధపడి ఉంటారా అని అడిగావు కదా. నొప్పి సంగతి నాకు తెలియదు. కానీ ఆ సమయంలో మనిషి కళ్ళు తలుపు వైపే ఉంటాయి. రోజూ చూస్తున్నాను.

నీ చెల్లెలు,
సువార్త