నల్లబడిన మొలతాడు

బరంపురం, మంగళవారం రాత్రి

బాబు వెండి మొలతాడు మళ్ళీ నల్లబడింది. "ఎవుల దిష్టో తగిలిందే. గుంటడు దగ్గుతున్నాడు, సూడవేటి?" అంటూ అత్తయ్య మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు. ఆ ఘాటుకి వాడు ఇంకా దగ్గాడు.

దిష్టే అయితే కిటికీలో పెట్టిన వెండి ఉగ్గుగిన్నె ఎందుకు నల్లబడింది? గాలిలో గంధకం చేరితే వెండి నల్లబడుతుందని కాలేజీలో చదివాను. కిటికీ కింద మా కొట్టు జనరేటరు పొగ, ఎదురుగా మురుగు కాలవ, దాని గట్టున తగలబెట్టే చెత్త. ఆయనతో అంటే, "కరెంటు పోతే కొట్టు సీకట్లో ఉంచమంటావేటి?" అన్నారు.

బాబుకి గాలి తగలాలని రోజూ ఆ కిటికీ తెరిచింది నేనే. ఇప్పుడు మూసేశాను. అయినా భయం పోవడం లేదు.

చింతపండుతో తోమితే మొలతాడు తెల్లబడింది. వాడి ఊపిరితిత్తుల్ని దేనితో తోమను?