చెరువుకి చేయించిన పరీక్ష

ఏవండీ,

మీరు వెళ్ళి ఏడాది దాటింది. సమాధికి సున్నం వేయించి, మీ పేరు మళ్ళీ రాయించాను. కైకలూరులో అందరం బాగానే ఉన్నాం... ఉన్నామనే అనుకోండి.

రొయ్యల చెరువులు ఇప్పుడు మీ తమ్ముడు ప్రసాదే చూస్తున్నాడు. మీలాగే మేత చూసే చెక్ ట్రే నీళ్ళలోంచి పైకి లాగి, రొయ్యని అరచేతిలో పెట్టుకుని చూస్తాడు. అది వంగిపోయి మళ్ళీ చాపుకోకపోతే మీరేమనేవారు? "మేరీ, దీనికి ఒళ్ళు పట్టేసిందే. మెగ్నీషియం చల్లకపోతే తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు" అనేవారు. అన్నం ముందు నుంచి లేచి మరీ పరుగెత్తేవారు.

మీ పిక్కలు పట్టేస్తే మాత్రం "నీళ్ళల్లో నానే కాళ్ళు కదే, అలాగే ఉంటాయి" అని నవ్వేసేవారు. గుండె దడదడలాడినా అంతే. చివరికి చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఆ ఏరియేటర్ల దగ్గరే గుండెపోటుతో పడిపోయారు... నాకు ఇప్పటికీ మీ మీద కోపంగానే ఉంది.

మొన్నామధ్య ప్రసాదుకీ పిక్కలు పట్టేయడం, గుండె దడ మొదలయ్యాయి. ఏలూరు తీసుకెళ్ళాను. రక్తంలో మెగ్నీషియం తక్కువగా ఉందట. అది బాగా తగ్గితే గుండె కొట్టుకోవడం లయ తప్పుతుందట. అతను వేసుకునేదీ మీరు వేసుకున్న బీపీ బిళ్ళే, ఒంట్లో నీరు తీసేది. నీటితో పాటు మెగ్నీషియమూ పోతుందట. ఆ బిళ్ళ మార్చి, మెగ్నీషియం బిళ్ళలు రాశారు.

మీ సంగతీ అడిగాను. గుండెపోటు రక్తనాళం మూసుకుపోయి వచ్చిందని, మెగ్నీషియం కూడా తగ్గిందో లేదో పరీక్ష లేకుండా చెప్పలేమని అన్నారు డాక్టరు గారు. అప్పుడే చూపించుకుని ఉంటే... ఏమో.

ఇంటికొచ్చాక మీ తమ్ముడి తెలివి చూడండి. షెడ్డులో మెగ్నీషియం బస్తాలు ఉండగా మళ్ళీ బిళ్ళలెందుకని, చెరువు మందే గ్లాసులో కలపబోయాడు! నోటికొచ్చినట్టు తిట్టాను. షెడ్డు తాళంచెవి ఇప్పుడు నా దగ్గరే ఉంది. డాక్టరు రాసిన బిళ్ళలు, తోటకూర, పెసలు, వేరుశెనగ గుళ్ళు... అంతే. దడ కాస్త తగ్గింది.

చెరువు నీళ్ళు వారం వారం ల్యాబుకి పంపేవారు కదా, మీ రక్తం ఒక్కసారైనా పంపారా? అది తలుచుకుంటే ఏడుపొస్తుంది.

రేపు నీళ్ళు పంపే రోజు. ప్రసాదుకి మళ్ళీ రక్తపరీక్ష చేయించాల్సిందీ రేపే. దడ తగ్గింది కదా, చెరువు దగ్గర పనుంది, రానంటున్నాడు... అచ్చం మీ మాటే.

ఈసారి వినను. ఒక చేత్తో నీళ్ళ సీసా, ఇంకో చేత్తో మీ తమ్ముణ్ణి పట్టుకుని నేనే వెళ్తాను.

మీ మేరీ