గాజురాయి ఉన్న వాచీ

జూన్ 4, శుక్రవారం

పొద్దున్నే షాపులో పేచీ. ఒకావిడ వాళ్ల నాయనమ్మ వజ్రాల వాచీ తెచ్చి, అంతా అసలుదేనని సర్టిఫికెట్ రాసిమ్మంది. రాళ్ల మీద నోటితో ఆవిరి ఊదాను. వజ్రమైతే ఆవిరి చిటికెలో పోతుంది, గాజైతే కాసేపు నిలుస్తుంది. ఒకదాని మీద నిలిచింది. ఆ రాయి తర్వాతెప్పుడో మార్చారండీ అన్నాను. మా నాయనమ్మ జన్మలో అబద్ధం ఆడలేదని గొంతు పెంచింది. నేనాడానా మరి?

జూన్ 6, ఆదివారం

అమ్మ వాచీ కొక్కెం ఊడింది. బాగుచేద్దామని కూర్చున్నాను.

అమ్మకీ పెద్దమ్మకీ తాతయ్య ఒకేసారి కొన్న జంట వాచీలు. చింతగింజంత డయల్, చుట్టూ ఆరు వజ్రాలు. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. అప్పట్నుంచి దిగులేస్తే కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోవడమే. భూతద్దం కింద మాత్రం ఎన్నడూ పెట్టలేదు. అమ్మని అనుమానించినట్టుంటుందని.

ఇవాళ తప్పక పెట్టాను. కీ బుడిపె ఉన్న వైపు అంచు బాగా అరిగింది. రెండో వైపు కొత్తదానిలా ఉంది. ఎడమ చేతికి పెట్టుకుంటేనే అలా అరుగుతుంది, అప్పుడు బుడిపె వేళ్ల వైపుకొచ్చి, ఆ అంచే బల్లలకీ తలుపులకీ తగులుతుంది గనక.

అమ్మది ఎడమచేతి వాటం. వాచీ కుడిచేతికే పెట్టుకునేది.

జూన్ 7

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడింది. ఇన్నేళ్లూ నేను విన్నది పెద్దమ్మ వాచీ.

జూన్ 10, సాయంత్రం

కోపంగానే వెళ్లాను. పెద్దమ్మ ఉలిక్కిపడలేదు. ఇన్నాళ్లకి కనిపెట్టావా, మహా ఎక్స్‌పర్టువే అంది. ఆస్పత్రిలో చెల్లెలి చేతినుంచి తీసి తన చేతికి పెట్టుకుందట. మళ్లీ తీయడానికి మనసు రాలేదట. తనది నా పెట్టెలో పెట్టేసిందట.

నా ఏడుపంతా నీ వాచీకి చెప్పుకున్నానా అని అరిచాను. నాదేగా, నేనే విన్నాననుకోవే అంది. ఆ మాటకి ఇద్దరం ఏడ్చాం.

తర్వాత తనే నవ్వడం మొదలెట్టింది. పళ్లొచ్చేటప్పుడు నేను అమ్మ ఒళ్లో కూర్చుని ఆ వాచీ కొరికేదాన్నట. ఓ వజ్రం ఊడి ఎటో పోయింది. మింగేశాననుకుని అక్కాచెల్లెళ్లిద్దరూ రెండ్రోజులు నా గుడ్డలు వెతికారట. ఆఖరికి తాతయ్యకి తెలియకుండా అమ్మ గాజురాయి పెట్టించిందట.

వాచీ విప్పి నా చేతిలో పెట్టింది. తీసుకుపోవే, నీదే అంది. మణికట్టు మీద పట్టీ ఉన్నంత మేరా తెల్లగా, పసిపిల్ల చర్మంలా ఉంది. ఆ చెయ్యి బోసిగా నేను చూడలేను. ఒక్క రాత్రి ఉంచుకుని రేపు తెచ్చి పెడతానన్నాను.

జూన్ 11

ఊదాను. ఐదింటి మీద ఆవిరి చిటికెలో పోయింది. ఆరోదాని మీద నిలిచింది.

అసలుదే. అమ్మదే.