తెలీనట్టు ఆట

పూతలపట్టు,
ఆదివారం.

చిరంజీవి జయంతికి దీవించి రాసేది. ఈడ నేను, మీ యమ్మ, ఆటో ముగ్గురమూ క్షేమం. ఆటోకు ముందు చక్రం కొత్తది వేయించినా. మీ యమ్మ మోకాళ్లకే కొత్తవి యాడా దొరకలేదు. నువ్వు ఆడ బాగుండావని నీ స్టేటస్‌లు సూస్తానే తెలస్తా ఉండాది.

ఫోను ఉండంగా ఈ కాయితమేంది అనుకుంటావేమో. ఫోన్లో అయితే నా నోరు ఊరుకోదు పాపా. ఎంత మంచి మాటనైనా ఎగతాళి కింద మార్చేస్తాది. నువ్వూ నవ్వేస్తావు, ఆడికి అయిపోతాది. ఏడో తరగతితో బడి మానేసినోడిని, కాయితం మింద ఎగతాళి చేసేంత సదువు నాకు లేదు. అందుకే రాస్తా ఉండా. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

మెసేజిలో నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. గురప్ప తోటలో మామిడికాయ కోతలు అయిపోయినాయి. కాయ బాగానే కాసింది, రేటే కాయలేదు. స్టాండులో నా పక్కన ఆటో పెట్టుకోని దినామూ అదే ఏడుపు. మీ యమ్మ ఇంట్లో పని చేసుకుంటా ఉండాది గానీ బస్సు మెట్లు ఎక్కలేకుండా ఉండాది. తిరుపతిలో సూడాల్సినవి ఇంకా ఏముండాయని అడిగినావు. సానా ఉండాయి. నాకైతే ఆపొద్దు సూసినవే ఇంకా అరగలేదు.

ఆపొద్దు నేను చెప్పకుండా తిరుపతికి వచ్చింది నిన్ను ఆటపట్టించాలనే. కాకీ చొక్కా ఏసుకోని, మొగానికి తువ్వాలు చుట్టుకోని, మీ హాస్టలు గేటుకాడ ఆటో పెట్టుకోని ఉంటి. నువ్వు రాంగానే తువ్వాలు తీస్తా, నువ్వు ఉలిక్కిపడతావు, మీ యమ్మ పూర్ణం పెట్టి చేసిన ఓళిగల డబ్బా చేతికిస్తా, అదీ నా లెక్క. నువ్వు ఇద్దరు స్నేహితురాళ్లతో వస్తివి. నేను తువ్వాలు తీస్తి. నువ్వు నా మొగం సక్కంగా సూసి, "అన్నా, చంద్రగిరి కోటకు వస్తావా?" అంటివి.

చిన్నప్పుడు బడి వదిలినాక నేను ఆడే ఆట గుర్తుండాదా? "ఎవురు పాపా నువ్వు? మీ ఇల్లు యాడ?" అని తెలీనట్టు అడుగుతా ఉంటి. నువ్వు నా చొక్కా పట్టుకోని, "నువ్వు మా నాయనే" అని గట్టిగా అంటా ఉంటివి. ఎంత దబాయించినా అదే మాట. చుట్టూ ఉండేటోళ్లంతా నవ్వేవాళ్లు. ఆ ఆటే నా మింద తిప్పినావని చెప్పుకోవచ్చు. నేనూ, "రండమ్మా, కూర్చోండి" అంటి.

కోటకాడ గ్రేసీ అనే ఆ బిడ్డ ఫోను నా చేతికిచ్చి, "అన్నా, మా ముగ్గురికీ ఒక ఫోటో తియ్యి" అనింది. నేను తీస్తే తలకాయలు తెగిపోతాయని నీకు తెలుసు, కావాలనే తెంపుతా. ఆపొద్దు ఎవురి తలా తెంపలేదు. ఆ ఫోటో నీ స్టేటస్‌లో సూసి మీ యమ్మ, "ఎవురో బాగా తీసినారే" అనింది.

ఆడ్నించి కపిలతీర్థానికి పోతా ఉంటే గ్రేసీ నా సీటు పక్కన డబ్బా సూసింది.

"ఏందన్నా ఇది?"

"ఓళిగలమ్మా. నా కూతురికి."

"యాడుంటాది మీ పాప?"

"ఈ ఊర్లోనే సదువుతా ఉండాది."

"మరి కలిసినావా?"

"యాడ కలిసేది. స్నేహితురాళ్లతో ఊరు సూసేదానికి పోయిందంట."

అద్దంలో నిన్ను సూసినా. నువ్వు బయటికి సూస్తా ఉండావు. ఆ రోడ్డులో లాడ్జీ బోర్డులు తప్ప ఏముండాయి సూసేదానికి.

"పాపం అన్నా" అనింది గ్రేసీ. మంచి బిడ్డ. నువ్వు తెచ్చిన స్నేహంలో తప్పు లేదు. "మీరు తినండమ్మా, దానికి ఇంకోసారి తెస్తాలే" అని డబ్బా ఇచ్చేస్తి. వాళ్లు తినినారు. "తినవే జయంతీ, నెయ్యి కారతా ఉండాయి" అని గ్రేసీ అంటే నువ్వు, "నాకు తీపి పడదు" అంటివి.

ఓళిగ ఒకటి తక్కువ పెడితే మీ యమ్మతో పోట్లాడేదానివి.

తిరిగొచ్చి స్టాండులో అంతా ఎగతాళి మాదిరే చెప్పినా. "పులికి పుట్టింది పిల్లి అయితాదా, నీకే టోపీ పెట్టిందే" అని గురప్ప పొట్ట పట్టుకోని నవ్వినాడు. నేనూ నవ్వినా. మీ యమ్మ ఒకతే నవ్వలేదు. "పాప తినిందా?" అనింది. "తినింది, ఇంకా కావాలనింది" అంటి. ఖాళీ డబ్బా సూసి నమ్మింది.

మెసేజి చివర్లో నువ్వు, "నాయనా, ఆపొద్దు ఆటలో నేనే గెలిచినా కదా" అని నవ్వే బొమ్మలు పెట్టినావు. ఫోన్లో ఆ పిలుపుకు నీకేం కష్టం లేదు, సూసినా. ఇన్ని దినాలు జవాబు రాయంది దానికే.

అది ఆట కాదు పాపా. ఎగతాళి చేసేటప్పుడు నువ్వు నవ్వు బయటపడకుండా కింది పెదవి కొరుకుతావు. పాలపళ్లు వచ్చినకాడి నుంచి సూస్తా ఉండా. ఆపొద్దు గేటుకాడ నువ్వు పెదవి కొరకలేదు. వీడు యాడ నోరు తెరుస్తాడో అనే భయం ఒకటే ఉండాది నీ మొగంలో. ఆ భయం సూసే "రండమ్మా" అంటి. అంతా తెలిసే నీ పక్కన ఆడినా, ఆ బిడ్డల ముందర నీ మాట పోకూడదని. కోట దిగేలోపల చెప్తావులే అనుకుంటి. సాయంత్రం హాస్టల్లోకి పోతా పోతా వెనక్కన్నా తిరుగుతావేమోనని బండి ఆన్ చెయ్యకుండా ఉంటి.

మీ యమ్మకు ఇదేమీ తెలీదు. తెలీనీను.

వచ్చే నెల కాలేజీలో తల్లిదండ్రుల మీటింగుకు అమ్మనొక్కదాన్నే పంపమని రాసినావు. నేనొస్తే అందర్నీ ఎగతాళి చేస్తానంట. మీ యమ్మ బస్సు ఎక్కలేదు, నేనే ఆటోలో తెస్తా. గ్రేసీ నన్ను గుర్తుపట్టి, "ఆపొద్దు వచ్చిన అన్నే కదే" అని నిన్ను అడుగుతాది. ఈసారి నేను ఆడను. నోరు మూసుకోని నిలబడతా. బడికాడ ఎప్పుడూ చెప్పాల్సిన మాట నువ్వే చెప్పినావు, ఇప్పుడూ నువ్వే చెప్పు. నోరు రాదంటే ముందే మెసేజి పెట్టు. మీ యమ్మను గేటుకాడ దించేసి, అలిపిరికాడ ఎవురినన్నా ఎక్కించుకోని తిప్పుకుంటా ఉంటా. ఎవురన్నా అడిగితే ఈ ఊర్లో నాకెవురూ లేరనే చెప్తా.

మీ యమ్మ మళ్లా ఓళిగలు తెస్తాది. ఆమె ముందరన్నా తిను.

కింద రాయాల్సిన ఆ ఒక్క మాట రాసేదానికి నాకు చెయ్యి రాలేదు. అది నీ నోట్లోనుంచి వచ్చినాక రాసుకుంటా.

ఇట్లు,
మీ యమ్మ మొగుడు,
ఆదిమూలం.