మీ కారులో పెట్రోలు ముల్లు

మీరు బాగున్నారా? మీ దగ్గరున్న అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? గని దుమ్ముతో పట్టుకున్న మామయ్య దగ్గు అక్కడైనా ఆగిందా? నాకు ఎప్పటిలాగే దిగులు.

పోయిన సంవత్సరం మీ తిథికి బయలుదేరితే, పైకీ కిందికీ ఊగే ముల్లు సగం ట్యాంకు చూపిస్తుండగానే బేతమంగళ దాటాక పెట్రోలు అయిపోయి మీ పాత కారు ఆగిపోయింది. మీ సమాధి దాకా రాలేకపోయాం.

నిన్న మెకానిక్ ట్యాంకు దగ్గర తుప్పు పట్టిన ఎర్త్ వైరు గీకి బిగించాడు. "ఇంగ ముల్లు ఊగదమ్మా" అన్నాడు. నమ్మలేక, మీరు చేసినట్టే ట్యాంకులో వెదురు పుల్ల ముంచి తడి చూశాను. రెండూ ఒకటే చెప్పాయి. అయినా డిక్కీలో పెట్రోలు డబ్బా పెట్టాను.

మన అమ్మాయి సరళ చూసి, "గనిలో బ్లాస్టింగు మందు కూరినట్ల పెట్టినావే! దించమ్మా!" అని అరిచింది. దించాను.

సోమవారం తిథి. పొద్దున్నే బయలుదేరుతాం. కారు ఆగితే నేను నడిచైనా వస్తాను.